కళ్లు కుట్టని బొమ్మతో మూడు ఊళ్లు

వచ్చి నెల దాటింది. చీరాలలో మా వీధివాళ్లు "తెలంగాణ వెళ్లొచ్చావటగా, ఏమేం చూశావు?" అని అడిగితే సర్వపిండి గురించీ, పసుపు ఉడికే వాసన గురించీ చెప్పి ఊరుకుంటున్నాను. మిగతాది గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. మా నాన్న చేనేత మగ్గం నేశాడు. బట్ట కనిపిస్తే చేత్తో తడమకుండా ఉండలేని అలవాటు ఆయన నుంచే వచ్చింది. ఒక పెళ్లిలో, నాతో పనిచేసిన టీచరు తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఎర్రటి బట్ట మీద గుడ్డముక్కలు అతికి, దారంతో కుట్టిన బొమ్మలు, వరసలు వరసలుగా. పైన ఉయ్యాల. దాని కింద పలక పట్టుకున్న పిల్లవాడు, ఆ కింద పెళ్లి పందిరి, ఆ కింద విమానం. అన్నిటికన్నా కింద ఒక మనిషి నిలువెత్తున ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మీసం, చెవులు, చొక్కా గుండీలు అన్నీ ఉన్నాయి. కళ్లు లేవు.

జగిత్యాలలో తన మేనత్త ఇంటి పక్కన, ఒక ఇంట్లో ఆ బట్ట గోడకు ఉందట. కుట్టింది సిరిసిల్లలో దేవవ్వ అనే ఆవిడట. ఆవిడ నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఒక మగగొంతు "రండ్రి" అని ఒక్క మాట అని పెట్టేసింది. ఫిబ్రవరిలో బయల్దేరాను.

జగిత్యాల

కొత్త బస్టాండుకు బదులు పాత బస్టాండులో దిగడంతో నా ప్రయాణం మొదలైంది. సంచీ మోసుకుంటూ, దారి అడుగుతూ వెళ్లేసరికి పది దాటింది. మధ్యలో తాగిన టీ పది రూపాయలు. గ్లాసు చిన్నది, చక్కెర మాత్రం మా వైపు టీకి రెండింతలు.

ఆ ఇంటి కోడలి పేరు సుజాత. ముప్పై అయిదేళ్లు ఉండొచ్చు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మా వైపు నేతవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుతూనే కండెలు చుడతారు. ఇక్కడ అలాగే తునికాకు కత్తిరిస్తూ మాట్లాడతారు. అత్త రాజవ్వ పసుపు పనికి పోయిందని చెప్పి, నాకు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెకే అద్ది కాల్చిన రొట్టె అది. మా తపేళచెక్క లాంటిదే. కానీ దీనికి కారం ఎక్కువ.

బట్ట ఎదురుగా గోడకు ఉంది. ఫొటోలో కన్నా పెద్దది. ఏ మూల కూర్చున్నా ఆ మనిషి నావైపే తిరిగి ఉన్నట్టు అనిపించింది.

"మా ఆయన గంగాధర్," అంది సుజాత. "ఆరేండ్లాయె మేడమ్ సౌదీ పోయి. రెండేండ్లు మంచిగనే ఫోన్ చేసిండు. తర్వాత బందయింది. ఎంతమందినో అడిగినం. ఉన్నడని ఎవ్వలు చెప్తలేరు, లేడని ఎవ్వలు చెప్తలేరు."

"కళ్లు ఎందుకు కుట్టలేదు?"

"పోయినోల్లకే కుడుతది దేవవ్వ. మనిషి సంగతి తెలిసినంక కండ్లు కుడుత, అప్పటిదాక గిట్లనే పెట్టుకోండ్రి అన్నది."

కత్తెర పక్కన పెట్టి గుమ్మం వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది.

"కండ్లు అత్తున్నయ్ మేడమ్."

కళ్లు రావడమేమిటో నాకు అర్థం కాలేదు.

"బొమ్మకు. పొద్దుగాల లేసి సూత్తె ఒక కన్ను ఉంటది, నల్ల దారంతోని. ఈ కత్తెరతోనే ఇప్పేత్త. పది పదిహేను రోజులకు మల్ల అత్తది. ఇప్పటికి అయిదుసార్లాయె."

అత్తగారు కుడుతోందేమో అన్నాను. సుజాత తల అడ్డంగా ఊపింది. "ఆమెకు సూదిల దారం గూడ కనవడది. జాకెట్ గుండీ ఊడితె నన్నే ఎక్కిచ్చియ్యమంటది. ఈ సంగతి ఆమెకు చెప్పలే. కొడుకు పోయిండని బొమ్మనే చెప్తందనుకుంటది. పానం ఇడుత్తది."

తర్వాత అడిగింది. నేను సిరిసిల్ల వెళ్తున్నానని ఆమెకు ముందే తెలుసు. "గిది దేవవ్వకు ఇచ్చెయ్యండ్రి. ఇంట్ల ఉంటె నాకు నిద్ర పడ్తలేదు."

కాదనాల్సింది. ముసలామె లేనప్పుడు ఆమె కొడుకు బొమ్మను పట్టుకుపోవడం తప్పని తెలుసు. కానీ సుజాత కళ్ల కింద నలుపు చూసి కాదనలేకపోయాను. స్టూలెక్కి బట్ట దింపింది. మొహం లోపలికి మడతపడకుండా చుట్టి, పాత దుప్పటిలో కట్టి ఇచ్చింది. మూట నేననుకున్నదానికన్నా బరువుగా ఉంది.

కోరుట్ల

దారి పొడుగునా పసుపు ఉడకబెడుతున్నారు. ఆ వాసన బట్టల్లోకి ఎక్కుతుంది. మట్టివాసనలా ఉంటుంది, కానీ ఇంకొంచెం ఘాటు. కోరుట్లలో లాడ్జి గది తీసుకుని, మూట విప్పి బట్టను మంచం మీద పరిచి, భోజనానికి వెళ్లాను. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాలి. ఇక్కడ చింతపండు నీళ్లలో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పిసికి అలాగే ఇచ్చారు. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

తిరిగి వచ్చేసరికి బొమ్మ మొహం మీద నా తువ్వాలు కప్పి ఉంది. గది ఊడ్చే ఆవిడ వరండాలో నిలబడి ఉంది.

"నేనే కప్పిన," అంది. "ఊడుత్తుంటె సూసినట్టయింది."

"దానికి కళ్లే లేవుగా."

"లేకనే సూసినట్టయింది," అని చీపురు పట్టుకుని వెళ్లిపోయింది.

నవ్వుకుందామనుకున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ముసలి గొంతు.

"మా గంగాధర్ నీ దగ్గరున్నడా బిడ్డా?"

రాజవ్వ అని అర్థమవడానికి క్షణం పట్టింది. "ఉన్నాడు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"ఎండల పెట్టకు," అంది.  తర్వాత పెట్టేసింది. కేకలేసి ఉంటే క్షమాపణ చెప్పుకునేదాన్ని. 

సాయంత్రం జహీరా బేగంను కలిశాను. దేవవ్వ బట్టలకు అడుగు పొర కుట్టి ఇచ్చేది ఈవిడే; నేను కోరుట్లలో ఆగింది అందుకే. మసీదు వెనక సందులో ఒక గది, ఒక కుట్టుమిషను. గోడ పొడుగునా ఆకుపచ్చ, ఎరుపు శాటిన్ దట్టీలు వేలాడుతున్నాయి. మొహర్రంలో పీర్లకు కట్టే గుడ్డలవి. హిందువుల ఇళ్ల నుంచే ఎక్కువ అడుగుతారట. మా చీరాలలో పీర్ల పండగ ఉంది కానీ, పీరుకు దట్టీ కట్టి తమ ఇంటి కష్టం చెప్పుకునే ఇన్ని ఇళ్లు నేను చూడలేదు.

జహీరా మూట విప్పి, బట్టను వేళ్లతో చదివినట్టు చూసింది. "ఇది ఈయన బడికి పోయేటప్పటి అంగీ. ఇది లగ్గం నాటి పంచె. ఇది ఆయన లుంగీ. దేవక్క బజార్ల బట్ట పెట్టది. మనిషివే తెమ్మంటది. మొత్తం ఆయన తొడుక్కున్నయే."

మూట అంత బరువుగా ఎందుకు తోచిందో అప్పుడు తెలిసింది.

"మీరు కూడా ఈ బట్టలకు భయపడతారా?" అని అడిగాను.

"డర్ గాదు. లిహాజ్," అంది. మర్యాద అని. "మనిషి తోటి ఎట్లుంటమో గట్లనే ఉండాలె. మీద కూసోవద్దు, కాళ్ల కాడ పెట్టద్దు." బట్టను మళ్లీ చుడుతూ అంది. "కండ్ల కాడ మాత్రం చెయ్యి పెట్టకు. ఆడ దేవక్కదే చెయ్యి."

ఆ రాత్రి మూటను కుర్చీలో పెట్టి, దీపం ఆర్పకుండా పడుకున్నాను.

చందుర్తి మీదుగా

సిరిసిల్ల బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ. మూట వైపు చూసి జరిగింది. ఒక మనిషి కూర్చునేంత జాగా ఇచ్చి, తను సీటు అంచున కూర్చుంది. జరగమని నేను అడగలేదు.  చందుర్తిలో దిగేముందు దుప్పటి అంచు తొలగిన చోట కుట్టును వేలితో తాకి, ఆ వేలిని కళ్లకద్దుకుంది.

"దేవవ్వ పనా?"

ఔనన్నాను.

"మా ఇంట్ల గూడ ఒకటున్నది," అని దిగిపోయింది. కళ్లు ఉన్నదా, లేనిదా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సిరిసిల్ల

బస్టాండులో నన్ను తీసుకెళ్లడానికి మోపెడ్ మీద ఒకాయన వచ్చాడు. పేరు భూమయ్య. యాభై ఏళ్లు ఉంటాయి. ఫోనులో "రండ్రి" అన్న గొంతు ఆయనదే. మనిషి మొహంలోకి చూడకుండా, భుజం దగ్గర చూస్తూ మాట్లాడతాడు. మూట చూసి తల తిప్పుకున్నాడు. దాన్ని నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

దేవవ్వ ఉండే వీధిలో ప్రతి ఇంటి నుంచీ పవర్‌లూముల చప్పుడు. చేతిమగ్గం చప్పుడుకు మా చీరాల వీధిలో పాట పాడుకోవచ్చు. ఇక్కడ పక్కవాళ్ల మాట వినాలంటే చెవి దగ్గరికి వెళ్లాలి. అయినా చప్పుడు మధ్యనే పిల్లలు నిద్రపోతున్నారు.

దేవవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చెవులకు గంటీలు, కళ్లజోడు; ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. గది నిండా ఆమె పని. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు, పీర్లను ఎత్తుకున్న మగవాళ్లు, గుర్రాలు, చేపలు, మగ్గం గుంటలో కూర్చున్న ముసలాయన. ఎరుపు ఎక్కువ. దారమంతా మరమగ్గాల దగ్గర పారేసిన చిక్కు నూలు. దాన్ని విడదీసి, రంగులద్ది వాడుతుంది. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు గీత నేర్పాను. సూదితో ఇంత తేలిగ్గా పోయే గీత ఎక్కడా చూడలేదు. వీటిని నగరంలో ప్రదర్శనలకు తీసుకెళ్తారు, కొంటారు. చనిపోయినవాళ్ల బొమ్మలు కుట్టిన బట్టలు మాత్రం అమ్మదు.

ఎలా మొదలైందని అడిగాను. అన్నం పెడుతూ చెప్పింది.

"మా సాలోల్ల కథ చెప్పెటందుకు ఏడాదికోసారి పటం కథలోళ్లు అచ్చేటోళ్లు చెల్లె. ఇంత పొడుగు బట్ట మీద బొమ్మలు. ఒక్కో వరస ఇప్పుకుంట దినాలకు దినాలు చెప్పేటోళ్లు. నేను ముందట కూసుండి నేల మీద పుల్లతోని గీసేదాన్ని. మా ఆయన మగ్గాల మీద పనిజేసి దగ్గుతోనే పోయిండు. నాలుగు అంగీలు మిగిలినయ్. ఎవ్వలకు ఇయ్యబుద్ధి గాలే. గా అంగీలతోనే ఆయనను కుట్టిన. గప్పుడు పటం కథల పెద్దమనిషి అచ్చి చెప్పిండు. కండ్లు ఆకరికి పెట్టాలె, కండ్లు పెట్టిన దినమే దాంట్ల పానం కుదురుకుంటది అని. వాళ్లు పాతగైన పటాన్ని పారెయ్యరు. మనిషిని సాగనంపినట్టు సాగనంపి నీళ్లల్ల ఇడుత్తరు."

మొదట వాడకట్టువాళ్లు, తర్వాత గల్ఫ్‌లో పోయినవాళ్ల ఇళ్లవాళ్లు వచ్చారట. శవం నెలల తర్వాత పెట్టెలో వచ్చిన ఇళ్లు. అసలు రాని ఇళ్లు. మొహం చూడని వాళ్లకు ఒక మొహం కావాలి.

చేతులు కడుక్కుని నా మూట విప్పింది. సుజాత చెప్పిందంతా చెప్పాను. దేవవ్వ బొమ్మ మొహం మీద అరచెయ్యి ఉంచి కళ్లు మూసుకుంది.

అప్పుడే కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. చెవుల్లో గాలి ఆడనట్టు అయింది. ఎక్కడో కుండలో నీళ్లు ముంచిన చప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దంలో దేవవ్వ వేలు బొమ్మ కన్ను ఉండాల్సిన చోట ఆగింది.

"ఇక్కడ సూది దిగింది," అంది. "ఒక్కసారి గాదు. ఎన్నోసార్లు దిగింది, ఇప్పిండ్రు." నా వేలు పట్టి అక్కడ పెట్టింది. బట్ట మెత్తగా చిల్లులు పడి ఉంది. జహీరా వద్దన్నది గుర్తొచ్చి చెయ్యి లాక్కోబోయాను. దేవవ్వ వదల్లేదు. "సూడు. ఒక పోటుకు ఒక పోటు కలుత్తలేదు. కండ్లు కనవడనోల్లు తడుముకుంట కుట్టిండ్రు. గిది ముసలి చెయ్యి."

భూమయ్యను పిలిచి రాజవ్వకు ఫోన్ కలపమంది. "నీ కొడుకు నా దగ్గరున్నడు. రేపు కోడల్ని తీస్కోని రా," అని మాత్రం చెప్పింది. ఫోన్ పెట్టాక భూమయ్య అక్కడే నిలబడ్డాడు.

"కండ్లు కుడుతవా అక్కా?" అని అడిగాడు.

దేవవ్వ బొమ్మ మీద దుప్పటి కప్పింది. కరెంటు వచ్చింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

మరునాడు, దేవవ్వ ఇంట్లో

అత్తాకోడళ్లు పది గంటలకల్లా వచ్చారు. రాజవ్వ చిన్న మనిషి. చేతులు మోచేతుల దాకా పసుపు. నన్ను ఒక్క మాట అనకుండా నేరుగా వెళ్లి బొమ్మ పక్కన కూర్చుంది.

"కన్ను ఎవలు కుట్టిండ్రు రాజవ్వా?" దేవవ్వ అడిగింది.

"నేనే."

సుజాత నోరు తెరిచి అత్త వైపు చూసింది. "నీకు దారం ఎక్కియ్యరాదు గదత్తా."

"నువ్వే ఎక్కిచ్చిత్తివి గద బిడ్డా. గుండీ కుట్టుకుంటనంటె ఇత్తివి."

సుజాత గోడకు చేరగిలబడిపోయింది. అయిదుసార్లు సూది తనే సిద్ధం చేసి ఇచ్చింది.

"కండ్లు కుడితె పోయినట్టని తెల్వదా నీకు?" అంది ఏడుస్తూ. "పొద్దుగాల లేసి సూసి ఎన్నిసార్లు సచ్చిన్నో నీకెరుకనా?"

"పోవుడు నాకు తెల్వది," అంది రాజవ్వ. "కండ్లు లేకపోతె తొవ్వ ఎట్ల కనవడుతది? ఇల్లెట్ల పట్టుకుంటడు? నేను కుట్టుడు, అది మాయమైతుండుడు. ఆడ సౌదీల వాని కండ్లు ఎవలో పీకుతున్నరనుకున్న. నీకు చెప్తె బెదురుకుంటవని చెప్పలే."

ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గోడ ముందు, ఒకరికి తెలియకుండా ఒకరు ఆ మనిషి కోసం భయపడుతూ బతికారు. రాజవ్వ దేవవ్వ వైపు తిరిగింది. "నువ్వు కుట్టు. మంచిగ కుట్టు. నా చేతికి కుదురుతలేదు."

దేవవ్వ లేచి, గది మూల వేలాడుతున్న ఒక పరదా పక్కకు లాగింది. దాని వెనక ఇంకో బట్ట ఉంది. అదే ఎరుపు, అవే వరసలు. కింద నిలబడ్డ మనిషికి కళ్లున్నాయి. నల్లటి పెద్ద కళ్లు, తెరిచి ఉన్నాయి. నేను ఆ మొహం చూశాను, తర్వాత టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భూమయ్యను చూశాను. ఇద్దరూ ఒకరే. 

"గీయనకు నేనే కండ్లు కుట్టిన," అంది దేవవ్వ. "ఇదే పేరున్న ఇంకొకాయన పోతె, ఈయనే పోయిండని కబురచ్చింది. ఇంటోళ్లు అడిగిండ్రు. కుట్టిన. ఏడాదిన్నరకు మనిషి అచ్చిండు."

భూమయ్య పళ్లెం కింద పెట్టాడు. పరదా వైపు చూడలేదు. మొదటిసారి రాజవ్వ మొహంలోకి చూసి మాట్లాడాడు.

"నేను ఎడారిల గొర్ల కాడ ఉంటి అవ్వా. ఫోన్ లేదు. రోజు పండుకునెటప్పుడు ఇల్లు యాది చేసుకునేది. అర్ర, దండెం, నీళ్ల తొట్టి, అన్ని వరసగ. ఒకరోజు కండ్లు మూసుకుంటె ఏం కనవడలే. తొట్టి ఏ పక్కనున్నదో యాదికి రాలే. ఎంత జేసినా రాలే. ఇంటికచ్చినంక లెక్క సూసుకుంటె, వీల్లు కండ్లు కుట్టిచ్చిన నాటి సంగతే అది."

"ఇంటికచ్చినవ్ గద బిడ్డా," అంది రాజవ్వ.

"అచ్చిన. నా భార్య నన్ను సూడలేకపోయింది. అన్నం ముందట పెట్టి, మొఖం ఆ బట్ట దిక్కు తిప్పేది. ఆమెది తప్పు గాదు. ఏడాదిన్నర దానితోనే మాట్లాడింది. ఎన్ని దినాలు సూడాలె? బట్ట పట్టుకోని అచ్చి అక్కను కండ్లు ఇప్పుమన్న."

"ఇప్పలేకపోయిన," అంది దేవవ్వ. "కత్తెర పట్టుకుంటె చెయ్యి ఆడలే. బతికున్న మనిషి కండ్లు." భూమయ్య అప్పటినుంచీ అక్కడే ఉండి నూలు విడదీస్తున్నాడు. "గందుకే, ఇంటోళ్లందరు ఒక్కతీరుగ, తెలిసి అడిగితెనే కుడుత. మీకు తెలిసిందా రాజవ్వా, మీవోడు లేడని?"

 రాజవ్వ లేచి వెళ్లి భూమయ్య గడ్డం పట్టుకుని, మొహం అటూ ఇటూ తిప్పి చూసింది, సంతలో తప్పిపోయి దొరికిన పిల్లవాణ్ని చూసినట్టు. అతను కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తిరిగొచ్చి, జాకెట్‌కు గుచ్చుకున్న సూది తీసి దేవవ్వ చేతిలో పెట్టింది. నల్లదారం ఇంకా దానికే వేలాడుతోంది.

దేవవ్వ ఆ నల్లదారం లాగేసి, కళ్లు కుట్టకుండా, ఆ చిల్లుల మీద అదే రంగు గుడ్డ చిన్నముక్క వేసి, కనపడకుండా రఫూ చేసింది. అరగంట పట్టింది.  చివర సుజాత అంది, బొమ్మను చూస్తూనే.

"ఇగ నువ్వు సూది ముట్టకు అత్తా. నేను కత్తెర ముట్ట."

బస్టాండు

భూమయ్య మమ్మల్ని ఆటో ఎక్కించాడు. నాది హైదరాబాద్ బస్సు, వాళ్లది జగిత్యాల బస్సు. వాళ్లది ముందొచ్చింది. ఎక్కించి, కిటికీ పక్కన కిందే నిలబడ్డాను. రాజవ్వ నాతో అప్పుడు మాట్లాడింది. ఎండలో పెట్టకుండా తెచ్చినందుకు మంచిదయిందంది. మూట ఇద్దరి మధ్యా సీట్లో ఉంది.

తెలంగాణలో ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ల దగ్గర టికెట్ డబ్బులు తీసుకోరు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. కండక్టరు ఒక అమ్మాయి. ఇద్దరి కార్డులూ చూసి రెండు టికెట్లు ఇచ్చి ముందుకు కదలబోయింది.

"ఆగు బిడ్డా," అంది రాజవ్వ. "మొగోళ్లది ఒకటి కొట్టు."

కండక్టరు చుట్టూ చూసింది. "ఏడున్నడవ్వా?"

రాజవ్వ మూట మీద చెయ్యి వేసింది. కండక్టరు సుజాత వైపు చూసింది. ముసలామెకు ఏమైందని అడుగుతున్నట్టు. సుజాత ఆపుతుందనుకున్నాను. ఆమె పర్సు తీసి, నోటు అందించింది.

"కొట్టండ్రి మేడమ్," అంది. "జగిత్యాలకే."